మరియమ్మ పిన్ని ఉత్తరం

ఇరవై రెండేళ్లుగా ఒక కాగితం మోస్తున్నాను. నా బైబిలు అట్టకీ, దానికి తొడిగిన గుడ్డ కవరుకీ మధ్య ఉంటుంది. ప్రతి ఆదివారం దాన్ని పట్టుకునే గుడికి వెళతాను. ఇంట్లో వాళ్లకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

మా వాళ్లు కృష్ణ అవతలి పల్లె నుంచి జగ్గయ్యపేట సున్నపురాయి క్వారీల్లో పనికి వచ్చారు. ఇక్కడ సొంత మందిరం కట్టుకున్నా, పద్ధతులన్నీ ఆ ఊరి గుడివే. ఫలానా మనిషి మా సంఘం వాళ్లేనని అక్కడి నుంచి చేరిక ఉత్తరం రావాలి, కార్యదర్శి దాన్ని ఆరాధనలో చదవాలి. అప్పుడే ప్రభు బల్ల దగ్గర రొట్టె, చనిపోతే మా సమాధుల తోటలో చోటు. ఆ కార్యదర్శిని నేనే.

ఆ ఊరి పెత్తనం ఇంకా మనకెందుకని ఒకసారి గొడవై సంఘం చీలింది. మొదట లేచి వెళ్లిపోయింది మరియమ్మ పిన్ని. చుట్టరికం లేదు, ఒకే ఊరి వాళ్లం. ఆమె వెనకే సగం మంది వెళ్లారు, నా తమ్ముడితో సహా. వాడు మళ్లీ నా గడప తొక్కలేదు. ఆరేళ్లకు పిన్ని మాత్రం తిరిగి వచ్చింది. తిరిగొచ్చిన వాళ్లకు కొత్త ఉత్తరం కావాలి. వారం తిరక్కుండానే అది నా చేతికందింది. దాచాను.

ఎందుకు? నాలుగు ఆదివారాలు వెనక బెంచీలో కూర్చోనీ, రొట్టె పళ్లెం తనను దాటిపోవడం చూడనీ అనుకున్నాను. నాలుగూ అయ్యాయి. ఇప్పుడు చదివితే ఇన్నాళ్లూ ఎక్కడుందని అడుగుతారు కదా? ఇంకా దాచాను.

"నా ఉత్తరం వచ్చిందా నాయనా?" అనేది గుమ్మం దగ్గర ఆగి.

"ఇంకా రాలేదు పిన్నీ. అక్కడి గుడి అయ్యగారికి తీరిక లేదేమో."

"పోన్లే. నువ్వున్నావుగా, రాగానే చదువుతావు."

ఆ ఎండాకాలం వడదెబ్బకు పోయింది. ఆమె కొడుకు, క్వారీ లారీ డ్రైవరు, శవపెట్టెతో సమాధుల తోట గేటు ముందు నిలబడ్డాడు. పెద్దలు నా వైపు చూశారు. బైబిలు నా చేతిలోనే ఉంది. లేదని తల ఊపాను. ముందు చేసినది కోపంలో చేశానని చెప్పుకోవచ్చు. మరి ఇది? నా పరువు కోసం ఒక శవాన్ని గేటు దగ్గర నుంచి వెనక్కి పంపాను.

క్వారీ పక్క బీడులో పాతిపెట్టారు. తర్వాత క్వారీ అటువైపు పెరిగింది. సమాధి ఉన్న చోట ఇప్పుడు గొయ్యి, అడుగున పచ్చటి నీళ్లు. ఆమె కొడుకు ఎక్కడ కనిపించినా నాకు వందనాలు చెబుతాడు. ఆ మాట వింటే సిగ్గుతో చచ్చిపోతాను.

దేవుణ్ణి క్షమించమని చాలాసార్లు అడిగాను. ఆమె కొడుకుని ఒక్కసారీ అడగలేదు. అడిగే ధైర్యం వస్తుందో రాదో కూడా తెలియదు.

ఈ ఉదయం గుడ్డ కవరు విప్పాను. ఖాళీ మందిరంలో, ఆమె కూర్చున్న బెంచీ ముందు నిలబడి పైకి చదివాను. రెండు వాక్యాలే. చదవడానికి ఒక నిమిషం కూడా పట్టలేదు.

ఉత్తరం వచ్చింది పిన్నీ. నువ్వు మొదటిసారి అడిగేటప్పటికే వచ్చింది.