అక్క కంటే పెద్దవాడు

జీడిమెట్లలో నలభై ఏళ్లు బాయిలర్ నడిపిన యాదయ్య ఓ పట్టాన ఎవరినీ నమ్మడు. గ్యాస్ సిలిండరు వస్తే కాటా మీద తూచాకే డబ్బులిస్తాడు. నిరుడు రిటైరైన రోజుతోనే కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా పోయింది. కొత్తది తీసుకుందామంటే వచ్చిన ప్రతి ఏజెంటూ అతని కంటికి దొంగలాగే కనిపించాడు. చివరికి, తనతో పనిచేసినాయన ఆసుపత్రి బిల్లుకు ఉన్న ఒక్క ఇల్లూ అమ్ముకున్నాడని విన్నాక భయం పట్టుకుంది. యాదయ్యకూ షామీర్‌పేటలో ఉన్నది ఒక్క ఇల్లే.

మేడ్చల్‌లో కూరగాయలమ్మే అక్క దుర్గమ్మ కూడా బీమా కావాలంది. ఇద్దరూ కలిసి అరుణ్ అనే ఏజెంటును ఇంటికి పిలిపించారు. అతను ఇద్దరి ఆధార్ కార్డులూ చూసి ఫోనులో లెక్క కట్టాడు. దుర్గమ్మ కంటే యాదయ్యకు ప్రీమియం బాగా ఎక్కువ వచ్చింది. పైగా ఆసుపత్రి బిల్లులో ఐదో వంతు అతనే పెట్టుకోవాలట.

యాదయ్యకు ఒళ్లు మండింది. “గిదేం లెక్క? మా అక్క నాకన్న రెండేండ్లు పెద్దది. ఆమెకు తక్కువ, నాకు ఎక్కువనా?”

“అరవై దాటినంక చేరితే గట్లనే ఉంటది కాకా. ఆమెకు యాభై తొమ్మిది, నీకు అరవై ఒకటి.”

యాదయ్య ఫోను గుంజుకుని తనే చూశాడు. కార్డు చూశాడు. ఆధార్ సెంటర్ వాళ్లు తప్పు రాశారన్నాడు.

“వాళ్లనెందుకంటవ్ తమ్మీ?” అంది దుర్గమ్మ. “చిన్నపిల్లలను తీసుకోరని, పదిహేనేండ్లకే పందొమ్మిదని చెప్పి కంపెనీల చేరినవు. గదే అన్నిట్ల ఎక్కింది.”

యాదయ్య లేచి, పెట్టెలోంచి పాత బడి సర్టిఫికెట్ తెచ్చాడు. అందులో అసలు పుట్టిన తేదీ ఉంది. దీంతో ఆధార్ మార్పించుకోవచ్చని అరుణ్ సంబరపడ్డాడు. అప్పుడు వయసు యాభై ఏడే అవుతుంది. మంచి మాట వినబడ్డా యాదయ్యకు అనుమానమే వచ్చింది.

“మరి నా పీఎఫ్ పింఛను? కొలువుల ఉన్నా, అది యాభై ఎనిమిది నిండినంకనే గద ఇచ్చేది. మూడేండ్ల సంది తీసుకుంటున్న.”

“గది నాకు తెల్వదు కాకా. తీస్కున్నది వాపస్ కట్టుమని పింఛనోళ్లు అడిగినా అడుగుతరు.”

యాదయ్య ఆ కాగితాన్ని మడిచి మళ్లీ పెట్టెలో పెట్టేశాడు. ఏడాదిగా ఊళ్లో అందరినీ తిట్టిన మనిషికి ఇప్పుడు తిట్టడానికి ఎవరూ దొరకలేదు. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

“అరవై ఒకటే రాయి బిడ్డా,” అన్నాడు చివరికి. “నన్ను మోసం జేసినోణ్ణి నేనే.”