మామగారి చెవి, నా బల్ల

ఏలూరులో మా మామగారి ఆటో ఎలక్ట్రికల్ షాపులో నాకంటూ ఒక బల్ల ఉండేది. ఇంజన్ని నడిపించే కంప్యూటర్ పెట్టె, అదే ఈసీఎం, మా వైపు బళ్ళలోకి కొత్తగా వస్తున్న రోజులవి. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివిన కోడలు వంటింటికే పరిమితం కావడం ఆయనకు నచ్చలేదు. అలాగని నా బల్ల మీద పెద్ద నమ్మకమూ లేదు.

ఆ బల్ల మీద, కారు లేకుండానే పెట్టెను పరీక్షించేదాన్ని. ఇంజను తిరుగుతోందని దానికి దొంగ సిగ్నల్ పంపేదాన్ని. నాబ్ తిప్పితే ఇంజను వేడెక్కిందని పాపం అది నమ్మేసేది. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లకు బదులు నాలుగు చిన్న బల్బులు పెట్టాను. పెట్టె బాగుంటే నాలుగూ వరసగా మెరిసేవి.

"అబద్ధాలు చెప్పి నిజం రాబడతావా? పోలీసువి కావాల్సిందమ్మా నువ్వు," అని మామగారు ఆటపట్టించేవారు.

ఆయన పనంతా చెవితోనే. బానెట్ ఎత్తకుండా చప్పుడు విని రోగం చెప్పేవారు. తాడేపల్లిగూడెం, జంగారెడ్డిగూడెం నుంచి బళ్ళు వచ్చేది ఆ చెవి కోసమే. మేము ఎంత బాగుచేసినా, ఆయన విని సరేనంటేనే బండి షాపు దాటేది.

ఒక వానాకాలం కొల్లేటికోట నుంచి బడి పిల్లల వ్యాను వచ్చింది. "గట్టు మీద ఉన్నట్టుండి ఆగిపోతోందండీ. రెండు పక్కలా నీళ్ళేనండీ. పిల్లలతో భయంగా ఉందండీ," అన్నాడు డ్రైవరు. పెట్టెలోకి తడి చేరింది. ఆరబెట్టి, సోల్డరింగ్ ఊడిన చోట మళ్ళీ పెట్టాను. నాలుగు బల్బులూ మెరిశాయి. పెట్టెను వ్యానులో బిగించి, బల్ల వైపు తిరిగి నా సామాను సర్దుకుంటున్నాను.

ఇంజను వేడెక్కేదాకా విని మామగారు, "శుభ్రంగా ఉందండీ, తీసుకెళ్ళండి," అన్నారు.

నాకు మాత్రం మధ్యమధ్య ఇంజను లయ తప్పడం, అదే మిస్సింగ్, స్పష్టంగా వినిపిస్తోంది. వెనక్కి తిరిగి చూశాను. ఆయన ముఖంలో అనుమానమన్నదే లేదు. ఆయనకు వినపడలేదు! కాదంటే, నలుగురిలో ఆయన పరువు తీసినట్టు. ఊరుకుంటే, గట్టు మీద పిల్లలు. ఇంత ఇరకాటంలో పెట్టినందుకు ఆయన మీద కోపమూ వచ్చింది.

"మామయ్యగారూ, వేడి మీద ఇంకొక్కసారి చూస్తానండీ," అన్నాను. పెట్టె విప్పి బల్లకు తగిలించి, హెయిర్ డ్రయ్యరుతో వేడిగాలి కొట్టాను. మూడో బల్బు ఆగి ఆగి వెలిగింది.

ఆయన దాన్ని చాలాసేపు చూశారు. "ఇంకా మిస్సింగ్ ఉందండీ. రేపు రండి. పిల్లల్ని వేరే బండిలో పంపండి," అని డ్రైవరుకు తనే చెప్పారు.

అతను వెళ్ళాక స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నారు. "నీకు ఎప్పుడు తెలిసిందమ్మా?"

"ఇప్పుడేనండీ."

"ఏడాది నుంచీ ఇంజను చప్పుడులో తేడా నాకేం వినపడటం లేదమ్మా. నీ మొహం చూసే బళ్ళు పంపిస్తున్నాను. ఇవాళ నువ్వు అటు తిరిగి ఉన్నావు."