నలభై కాళ్ల చిప్‌కు తల ఎటు?

1994లో నేను సిద్దిపేటలోని ఒక ప్రభుత్వ శిక్షణ సంస్థకు ఎలక్ట్రానిక్స్ సీనియర్ ఇన్‌స్ట్రక్టర్‌గా బదిలీపై వచ్చాను. ప్రతి మరమ్మతుకూ లక్షణం, కారణం, చికిత్స విడివిడిగా రాసిపెట్టుకోవడం నా పద్ధతి. చాలామంది మెకానిక్కులకు కారణంతో పనే లేదు. కాలిన భాగం తీస్తారు, కొత్తది పెడతారు, అదీ కాలితే కంపెనీని తిడతారు. ఇది మరమ్మతు కాదు, దహన సంస్కారం అని అనేక మార్లు కోప్పడ్డాను.

మరుసటి సంవత్సరం కొమురవెల్లి మల్లన్న జాతర రోజుల్లో, ఒక శనివారం సాయంత్రం, టేప్‌రికార్డర్లు బాగుచేసే రహీం ఒక బోర్డు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. సరదా కొద్దీ తానే ఒక వీడియోగేమ్ కట్టి, జాతరలో పెట్టాడు. దాన్ని నడిపేది మైక్రోకంట్రోలర్ అనే నలభై కాళ్ల చిప్. ఖాళీ చిప్ కొని తెస్తే చాలదు. ఆట సూచనలు అందులో ముందే ఎక్కించి ఉండాలి. అలా ఎక్కించినవి అతని దగ్గర రెండే. ఒకటి కాలిపోయింది.

"రేపు పొద్దుగాల ఆట నడవకుంటె మా జాగ గాజులోళ్లకు ఇస్తరట సార్. జల్ది కొత్తది పెట్టున్రి," అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. కారణం తెలియకుండా పెడితే రెండోదీ పోతుంది. కాలిన చిప్ తీసేసి ఖాళీ సాకెట్‌లో కొలిచాను. అయిదు వోల్టులు రావలసిన చోటే వస్తున్నాయి. బోర్డులో దోషం లేదు.

రహీంతో కలిసి ఆట నడిపే మల్లేశం కూడా వెంట వచ్చాడు. అతను పక్కనే నిలబడి, "గిన్ని కొలతలేంది భాయ్, సారు చిప్పుకు అంగి కుట్టిస్తడా?" అని గొణిగాడు.

కాలిన చిప్‌ను భూతద్దం కింద పెట్టాను. ఒక చివర చిన్న గంటు ఉంది. ఒకటో కాలు ఎటుందో చెప్పే గుర్తు అదే. మెకానిక్కులు ఆ చివరను తల అంటారు. రెండో చివర పసుపు మరక కనిపించింది. ఏమిటని అడిగాను.

"మల్లన్న బండారి సార్. షురూ చేసిననాడు మా అవ్వ అన్నిటికి బొట్టు పెట్టింది," అన్నాడు మల్లేశం. రహీం లేనప్పుడు చిప్ వదులైతే తానే తీసి మళ్లీ నొక్కానని కూడా చెప్పాడు.

"తల టీవీ దిక్కు ఉండాలె అని చెప్పిన గదరా!" అన్నాడు రహీం.

"టీవీ దిక్కే పెట్టిన. బొట్టు యాడుంటె గాడనే తల గద! ఎవలన్న కాళ్లకు పెడ్తరా బొట్టు?"

"నాకేమెరుక? నేను బొట్టు పెట్టుకుంటనా!"

తల తిరగబడితే ఈ చిప్‌కు విద్యుత్తు సరిగ్గా తలకిందులుగా అందుతుంది; చూస్తుండగానే కాలిపోతుంది. కోపగించుకోబోయాను గాని నవ్వు ముందు వచ్చింది.

రెండో చిప్ కాళ్లు సరిచేసి, దాని గంటు సాకెట్ గంటుతో కలిసేలా చూసి, రెండు చివరలా సమంగా నొక్కాను. మా టీవీకి తగిలించగానే ఆట మొదలైంది. "గాజులోళ్లను వేరే జాగ సూస్కొమ్మను," అన్నాడు మల్లేశం. ఇద్దరూ వాదులాడుకుంటూనే వెళ్లారు. జాతర ముగిసే ఉగాది దాకా ఆ జాగ వాళ్లకే ఉంది.

సోమవారం నుంచి నా తరగతిలో 'తల' అనే మాట మాన్పించి, 'గంటు ఉన్న చివర' అనిపించాను. పనిలో దేనికైనా పేరు పెట్టేటప్పుడు, వినేవాడి ఇంట్లో ఆ మాటకు అప్పటికే ఏ అర్థముందో విచారించాలి. లేకపోతే చెప్పింది చెప్పినట్టు చేసినా చిప్ కాలుతుంది.