బావ ఎంచుకున్న టేప్‌రికార్డర్

డిగ్రీ చదువు కోసం వరంగల్ వచ్చి నేను అక్క ఇంట్లో ఉన్న రోజులవి. ఎనభైల మొదట్లో ఊళ్లో క్యాసెట్ల దుకాణాలు ఒకటొకటిగా తెరుచుకుంటున్న కాలం. అక్కవాళ్లది నేతవాళ్ల వాడ. బావ ఒక షెడ్డులో మరమగ్గాలు నడిపేవాడు. మా వైపు వాటిని సాంచాలు అంటారు. ఆ షెడ్డు ముందు నుంచి నడుస్తుంటే పక్కనున్న మనిషి మాట కూడా వినిపించేది కాదు. బావ మీసాలు రాకముందు నుంచీ ఆ చప్పుడు మధ్యే పనిచేశాడు.

అక్క ఇంట్లో కండెలకు నూలు చుట్టేది. రాట్నం తిప్పుతూ పాడేది. పెళ్లి పాటలు, బతుకమ్మ పాటలు, అన్నీ మా అమ్మ దగ్గర నేర్చినవే. వాడలో ఎవరింట్లో పెళ్లి పెట్టుకున్నా ముందు అక్కకు కబురు వచ్చేది.

ఒక సాయంత్రం బావ చౌరస్తా నుంచి వచ్చీ రాగానే చెప్పులు కూడా విడవకుండా అక్కతో అన్నాడు.

"దుకాణంల ఆడోళ్ల పాటల క్యాసెట్ పెట్టిండ్రు. అండ్ల పాడినామె కన్న నువ్వే మంచిగ పాడుతవ్. మనమే ఇంట్ల రికార్డు చేద్దాం. దుకాణపాయినకు ఇస్తే కాపీలు తీసి అమ్ముతడు."

"నా పాట ఎవలు కొంటరు?" అని అక్క నవ్వింది. కానీ మర్నాడు రాట్నం దగ్గర మామూలు కంటే శ్రద్ధగా పాడింది. మరిచిపోయిన చరణాల కోసం నన్ను అడిగింది.

చౌరస్తాకు దగ్గర్లో రేడియోలు, టేప్‌రికార్డర్లు అమ్మి, బాగుచేసే దుకాణం ఒకటుండేది. దాని యజమానిది కేసముద్రం. బావ తల్లిగారి ఊరూ అదే. అందువల్ల ఆయన బావను తమ్మీ అని పిలిచేవాడు. "తీస్కపోయి ఇంట్ల పెట్టి చూడు. నచ్చకపోతే తెచ్చి ఇంకోటి తీస్కపో" అని ఒక మిషను చేతికిచ్చాడు. పుస్తకంలా బల్లపరుపుగా ఉంది. ముందు అంచున మీటలు, లోపలే మైకు.

వెనక గదిని బావ సిద్ధం చేశాడు. గోడలకు బొంతలు, గొంగళ్లు వేలాడదీశాడు. కిటికీకి గోనెసంచులు కొట్టాడు. సాంచాలకు సెలవున్న రోజు చూసి అక్కను కూర్చోబెట్టాడు. అక్క కొంగు సర్దుకుని మిషను వైపు చూసి, ఎవరో కొత్త మనిషి ఎదురుగా ఉన్నట్టు సిగ్గుపడింది. మూడో ప్రయత్నానికి గానీ గొంతు రాలేదు. తీరా వింటే పాట కంటే మిషను లోపలి మోటారు గుర్రుమనడమే ఎక్కువ. "లోపలి మైకుతోని కాదు. మైకు అలగ్ ఉండాలె" అన్నాడు బావ. ఆ మాట నిజమే.

రెండో మిషనుకు తీగతో విడి మైకు ఉంది. మైకును కొయ్యకు కట్టి, అక్కకు జానెడు దూరంలో నిలిపాడు. ఈసారి పాట విన్నప్పుడు నా ఒళ్లు జలదరించింది. అక్క ఊపిరి తీసుకోవడం కూడా తెలుస్తోంది. చెయ్యి కదిపినప్పుడు గాజులు తగిలిన చప్పుడు వినిపిస్తోంది.

"ఎట్లుంది బావా?" అన్నాను సంబరంగా.

బావ మొహం చిట్లించాడు. "మొకం మీద గుడ్డ కప్పుకొని పాడినట్టుంది. మాటలు తెలుస్తలేవు."

మైకు మార్చాడు. క్యాసెట్ మంచిదైతే పాట మంచిగా వస్తుందని దుకాణంలో అంటే ఖరీదైనది తెచ్చాడు. దూదిని స్పిరిట్‌లో ముంచి, మిషనులో టేపు ఆనే హెడ్ తుడిచాడు. గొంగళ్లు గొంతును మింగుతున్నాయని తీసేశాడు, మళ్లీ కట్టాడు. ప్రతిసారీ అక్క అదే పాట మొదటి నుంచి పాడేది. ప్రతిసారీ బావ చెవి స్పీకరుకు ఆనించి విని, తల అడ్డంగా ఊపేవాడు. ఆయనకు ఏం కావాలో నాకు అర్థమయ్యేది కాదు. అక్క మాత్రం ఒక్కసారి కూడా విసుక్కోలేదు. నాకు అదీ వింతగానే ఉండేది.

ఒక ఆదివారం పొద్దున నేను టేపు వింటూ అన్నాను. "బావా, పాట నడుమ పిచ్చుకల లొల్లి బాగ పడ్డది. వాటిని ఎల్లగొట్టి మళ్ల చేద్దాం."

"పిచ్చుకలెక్కడియి?" అన్నాడు బావ.

అప్పుడు ఆయన నెత్తి మీద, దూలం సందులో, రెండు పిచ్చుకలు గూటి కోసం కొట్లాడుకుంటూ గది దద్దరిల్లేలా అరుస్తున్నాయి. బావ నా మొహంలోకే చూస్తున్నాడు, జవాబు కోసం. నేను అక్క వైపు చూశాను. అక్క తల దించుకుని క్యాసెట్ డబ్బా మూత తీస్తూ, పెడుతూ ఉంది.

బావ బయటికి వెళ్లాక వంటింట్లో అడిగాను. "నీకు ఎరుకేనా అక్కా?"

"పోయినేడు నుంచే ఎరుక" అంది. "ఎనక నుంచి పిలిస్తే పలుకకపోయేది. నా మీద కోపం పట్టిండేమో అనుకున్న మొదట. తర్వాత గిన్నె కింద పడ్డా తిరిగి చూడకపోయె."

"మరి చెప్పలేదేంది?"

"ఏమని చెప్పాలె? చెప్తే సాంచ ఇడుస్తడా? ఇడిసి ఏం చేస్తడు?" పొయ్యిలో కట్టె ముందుకు తోసి, కళ్లు తుడుచుకుంది. పొగకేనన్నట్టు. "నా గొంతు మంచిగుంటదని ఆయినకు ఎన్నడో ఇన్న యాది ఉన్నది. గా గొంతు మిషన్ల దొరుకుతలేదని తిప్పలు పడ్తాండు."

ఆ తర్వాతి వారం బావ నన్ను కూడా దుకాణానికి రమ్మన్నాడు. చదువుకున్న పిల్లవు, మిషను మీద రాసింది చదివి చెప్తావన్నాడు. దుకాణపాయన ఉన్నవాటిలో మంచిదని పైఅర నుంచి ఒకటి దించి, అక్క పాటల క్యాసెట్ అందులో వేశాడు. పాట దుకాణమంతా నిండింది. బయట సైకిల్ ఆపుకున్న ఒకాయన లోపలికి తొంగిచూసి, ఎవరు పాడింది అని అడిగాడు.

"గిది సుత గంతేనే అన్నా" అన్నాడు బావ, నిరాశగా.

దుకాణపాయన పాట ఆపాడు. నన్ను చూశాడు. నేను నేల చూశాను. ఆయన చేతి గడియారం విప్పి బావ చెవికి ఆనించాడు.

"ఇనవడ్తాందా తమ్మీ?"

"ఆగిపోయింది గద" అన్నాడు బావ.

ఆయన గడియారాన్ని నా చేతిలో పెట్టాడు. నేను చెవి దగ్గర పెట్టుకోనక్కర్లేకుండానే దాని టిక్కుటిక్కు తెలుస్తోంది. బావ నా వైపు తిరిగాడు.

"నడుస్తాందా పిల్లా?"

అబద్ధం చెప్దామని నోరు తెరిచాను. గడియారంలో సన్నముల్లు బావ కళ్ల ముందే తిరుగుతోంది.

"నడుస్తాంది బావా" అన్నాను.

ఆయన గడియారం తీసుకుని రెండో చెవికి పెట్టుకున్నాడు. మళ్లీ మొదటి చెవికి పెట్టుకున్నాడు. గట్టిగా అదిమి పట్టుకున్నాడు. చివరికి దుకాణపాయనే "ఫికర్ చెయ్యకు తమ్మీ, దవాఖానల చూపించుకో" అన్నాడు.

పెద్ద దవాఖానకు అక్క, నేను ఇద్దరం వెంట వెళ్లాం. డాక్టరు లైటు పెట్టి చూసి, ఇనుప కమ్మీ లాంటిది మోగించి చెవి దగ్గర పెట్టి, ఏవో ప్రశ్నలు అడిగాడు. చెవి లోపలి నరాలు చప్పుడుకు దెబ్బతిన్నాయని, పోయింది తిరిగి రాదని, ఉన్నదైనా మిగలాలంటే సాంచాలకు దూరంగా ఉండాలని చెప్పాడు.

"నాకు ఇంకో పని రాదు సార్" అన్నాడు బావ.

అలాగైతే చెవుల్లో దూది పెట్టుకొమ్మన్నాడు డాక్టరు. బావ కొన్నాళ్లు పెట్టుకున్నాడు. కానీ దారం తెగినా, మగ్గం గాడి తప్పినా పనివాళ్లకు ముందు చప్పుడులోనే తెలుస్తుంది. దూదితో అది తెలియక బట్ట పాడైంది. షెడ్డు యజమాని కేకలేశాడు. బావ దూది తీసేశాడు.

ఇక రికార్డింగ్ మాట ఎత్తడనుకున్నాం. ఒకరోజు తానే ఒక మిషను కొని తెచ్చాడు. దుకాణంలో నాకు బాగా నచ్చిన పైఅరదాన్ని తేలేదు. ఇది దానికంటే తక్కువరకం, కానీ దీని ముందుభాగంలో గాజు కింద ఒక ముల్లు ఉంది. గొంతు పెరిగితే కుడికి, తగ్గితే ఎడమకు ఊగుతుంది.

"గిండ్ల ఆమె పాడేది నాకు కనవడ్తది" అన్నాడు.

ఆ ఎండాకాలం సెలవు రోజుల్లో క్యాసెట్ పూర్తి చేశాం. అక్క పాడేది. బావ ముల్లు మీద నుంచి కళ్లు తిప్పేవాడు కాదు. పాట అయ్యాక మీట నొక్కి నన్ను అడిగేవాడు, "ఎట్లొచ్చింది?"

"మంచిగొచ్చింది బావా."

"మంచిగ అంటే ఎట్ల?"

నాకు చెప్పడం వచ్చేది కాదు. అక్క గొంతు పైకి లేచినప్పుడు ఎలా ఉందో ఏ మాటల్లో చెప్పాలి? "తియ్యగుంది" అనేదాన్ని. "సాఫ్‌గుంది" అనేదాన్ని. ఆయన తల ఊపేవాడు. ఇంకా ఏదైనా చెప్తానేమోనని కాసేపు చూసి, మళ్లీ మీట నొక్కేవాడు.

క్యాసెట్ల దుకాణపాయన దానికి కాపీలు తీశాడు. పాలకుర్తి వైపు పెళ్లిళ్లలో కూడా మైకుల్లో వేశారని ఎవరో వచ్చి చెప్పారు. బావ వాడంతా తిరిగి చెప్పుకున్నాడు. ఇంకో క్యాసెట్ చేద్దామన్నాడు.

అది కాలేదు. బావ చెవులు ఏడాదేడాదికి ఇంకా మందగించాయి. అక్క ఆయనతో ప్రతి మాటా అరిచి చెప్పాల్సి వచ్చేది. అన్నానికి రమ్మనాలన్నా అరుపే, ఎవరో వచ్చారని చెప్పాలన్నా అరుపే. నేను చదువు ముగించి, పెళ్లై వెళ్లిపోయాక ఒక బతుకమ్మ పండుగకు వచ్చినప్పుడు, ఆడవాళ్లంతా అడిగితే అక్క పాట ఎత్తుకుంది. రెండో చరణంలో పైకి వెళ్లే చోట గొంతు బొంగురుపోయి విరిగింది. దగ్గి, మళ్లీ ఎత్తుకుంది. మళ్లీ అక్కడే ఆగింది. పక్కనున్న ఆమె అందుకుని పాట కొనసాగించింది. అక్క చప్పట్లు కొడుతూ గుండ్రంగా తిరుగుతూనే ఉంది.

బావ అరుగు మీద కూర్చుని ఆమెనే చూస్తున్నాడు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

"మీ అక్కనేనా పాడేది?" అని గట్టిగా అడిగాడు.

అవునని తల ఊపాను.