గొణుగుడు బల్ల

ఆ గ్రంథాలయంలో ఆవిడను నిద్రగన్నేరు అనేవారు. మొహాన ఎవరూ అనలేదు, వెనకాల అనని వాళ్లూ లేరు. ఆవిడది రొట్టెల బట్టీలో పని. ఊరింకా దుప్పట్లలో ఉండగానే లేచి, పిండి పిసికి, పొయ్యి ముందు నిలబడి, ఎండ ఎక్కాక ఇల్లు చేరేది. ఇంట్లో మరిది వడ్రంగం చేస్తాడు. వసారాలోనే రంపం, అక్కడే చిత్రిక. తోడికోడలి కవలల్లో ఒకరు ఏడుపు ఆపితే ఒకరు అందుకుంటారు. ఆవిడ కన్ను మూయడం ఆలస్యం, ఎక్కడో ఏదో దబ్బున పడేది.

"లైబ్రరీలో ఈగ వాలినా వినబడుతుందట. పోయి సభ్యత్వం తీసుకోరాదూ," అన్నాడు బస్సు నడిపే భర్త, నవ్వులాటకి.

ఆవిడ నవ్వలేదు. మర్నాడే వెళ్లి చందా కట్టింది.

మేడమీద చదువుగది. ఎత్తైన కిటికీల నుంచి ఎండ పలకలు పలకలుగా బల్లల మీద పడి, పొద్దుతో పాటు మెల్లగా జరుగుతుంటుంది. ఆ వెలుగులో దుమ్ము కూడా తొందర లేకుండా తేలుతుంది. ఏ బల్ల చూసినా జనమే. చివరి కిటికీ దగ్గరి బల్ల చుట్టూ మాత్రం కుర్చీలు ఎప్పుడూ ఖాళీ, ఎందుకంటే అక్కడ ఓడరేవులో గుమాస్తాగా చేసి విరమించిన పెద్దాయన కూర్చుంటాడు. ఆయనకు పెదవులు కదపకుండా చదవడం చేతకాదు. అందుకే దానికి గొణుగుడు బల్ల అని పేరు.

ఆవిడ వెళ్లి ఆయన ఎదురుగా కూర్చుంది. ఓ పుస్తకం తెరిచి, దాని మీద చెయ్యి, చేతి మీద చెంప ఆనించింది. ఆ గొణుగుడు ఇసుకలో ఇంకే నీరులా చెవిలోకి దిగింది. బట్టీ వేడి, రంపపు చప్పుడు ఎక్కడో ఆగిపోయాయి. తెరచాపలు, ఉప్పుగాలి, ఎవరిదో పొడుగాటి నీడ ఎక్కుతున్న దీపస్తంభం మెట్లు కలలోకి వచ్చాయి. రోజూ అంతే, లేచేసరికి ఎండ పక్క బల్లకు వెళ్లిపోయి ఉండేది.

ఓ రోజు కళ్లు తెరుస్తూనే అడిగింది. "బాబాయిగారూ, ఆ మెట్లెక్కినాయన దిగాడా?"

పెద్దాయన కళ్లజోడు తీశాడు. "మీరు నిద్రపోతున్నారనుకున్నానమ్మా."

"నిద్రేనండీ. చెవులకి పట్టలేదంతే."

ఆయన చదువు వినేవాళ్లు బతుకులో మొదటిసారి దొరికారు. ఆ ఆనందంలో గొంతు కాస్త పెరిగింది. అక్కడ వచ్చింది చిక్కు. సభ్యుల సమావేశంలో లెక్కల మాస్టారు లేచారు.

"ఒకరిది గొణుగుడు, ఒకరిది గురక. ఇది గ్రంథాలయమా, రైల్వే వెయిటింగు రూమా?"

ఆవిడ వెనక వరసలోంచి నిలబడింది. "గొణుగుడు నిజమే. గురక మాత్రం అబద్ధమండీ."

నవ్వులు ఆగాక మెల్లగా అంది. "మా బట్టీకొచ్చి రొట్టె కొన్నవాళ్లని, తింటారా, పావురాలకి వేస్తారా అని మేం అడగం. నేనూ చందా కట్టినదాన్నే."

మాస్టారు నోరు తెరిచేలోగా గ్రంథపాలకురాలు అందుకుంది. "వెనక బైండింగు గది ఊరికే పడుంది. తలుపేసుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు."

అలా ఇద్దరూ ఆ గదిలోకి మారారు. గోడలకింకా జిగురు వాసన. మూల ఇనుప మర ఒకటి తుప్పుపట్టి నిద్రపోతోంది. పెద్దాయన గొంతు విప్పి చదివాడు. అల్లిక పట్టుకుని మాస్టారి భార్య వచ్చింది. భార్యని పిలుచుకుపోదామని మాస్టారొచ్చి, గుమ్మంలో నిలబడి, కాసేపటికి కుర్చీ లాక్కున్నారు.

కొన్ని వారాలకి ఓడల కథ అయిపోయింది. పెద్దాయన అట్ట మూశాడు.

"మరి పడవ దిగిన అక్క ఏమైంది?" అని అడిగిందావిడ.

"ఏ అక్క?"

"నీలం గొడుగావిడ. ఎవరూ ఎదురు రాలేదని వానలో రేవులోనే నిలబడిపోయింది చూడండి."

అందరూ మొహాలు చూసుకున్నారు. ఆవిడ పుస్తకం ఇంటికి పట్టుకెళ్లింది. రంపపు పొట్టు ఊదుకుంటూ, వేలు పెట్టుకుని వరసవరసా వెతికింది. ఓడలున్నాయి, గొడుగు లేదు. తిరిగి తెచ్చి పెద్దాయన ముందు పెట్టింది.

"నేనైతే చదవలేదు తల్లీ," అన్నాడాయన. "ఆవిణ్ణి మీరే తెచ్చుకున్నట్టున్నారు."

ఆ గొడుగు ఎవరిదో ఆవిడకి అప్పుడు తట్టింది. అమ్మ పోయిన రోజు ఏటి అవతల నుంచి అక్క అంతా అయ్యాక వచ్చింది. తడిసిన నీలం గొడుగు గుమ్మంలో ఆనించబోతుంటే, "చుట్టపుచూపుకొచ్చావా?" అంది తను. అక్క గొడుగు మడవకుండానే వెనుదిరిగింది. ఆ తర్వాత మాటల్లేవు.

మర్నాడు బట్టీ నుంచి ఇంటికి పోకుండా లాంచీ ఎక్కింది. ఎండ ఎక్కినా ఏటి మీద మంచు విడక తెల్లగా, కడగని పాల గిన్నెలా ఉంది. అవతలి గట్టు ఉందో లేదో తెలియలేదు. దిగి, అక్క ఇంటి తలుపు తట్టింది. అక్క తీసి, పైనుంచి కిందికి చూసింది.

"జుట్టుకి ఆ పిండేమిటే?"

అంతే. లోపలికి తీసుకెళ్లి మంచం మీద కూర్చోబెట్టింది. మంచినీళ్లు తెచ్చేసరికి చెల్లెలు ఒరిగిపోయి ఉంది. లేచేటప్పటికి పొద్దు వాలింది. కాళ్ల దగ్గర అక్క కూర్చుని ఉంది.

"ఆ రోజు లాంచీ ఏటి మధ్యలో ఆగిపోయిందే," అంది అక్క, కిటికీలోకి చూస్తూ. "గట్టు కనబడుతూనే ఉంది. దిగలేను, ఈదలేను. చెప్పనిచ్చావా నువ్వు?"

"లేదు."

"నేనూ చెప్పకుండా పోయాన్లే. మనిద్దరికీ అమ్మ పౌరుషమే వచ్చింది."

చెల్లెలు అక్క చెయ్యి తీసుకుని తన చెంప కింద పెట్టుకుంది. ఆఖరి లాంచీ వెళ్లిపోయినా ఇద్దరూ కదల్లేదు.

ఇప్పుడు అక్క కూడా వారానికోసారి ఏరు దాటి బైండింగు గదికి వస్తోంది. ఆవిడకి నోరు కట్టుకోవడం రాదు. మొన్న పెద్దాయన కొత్త పుస్తకం మొదలుపెట్టి రెండో పేజీ తిప్పాడో లేదో, "ఆగండి," అంది. "ఆ వర్తకుడు అబద్ధాలాడుతున్నాడు."

పెద్దాయన వరస మీద వేలుంచి, కళ్లజోడు పైనుంచి చూశాడు. "కాస్త ముందుకి పోనివ్వమ్మా, తెలుస్తుంది."

"పోవడమెందుకండీ, వాడి మాటల్లోనే తెలుస్తుంటే."

మాస్టారు వర్తకుడి పక్షం తీసుకున్నారు. ఆయన భార్య అక్క పక్షం. మధ్యాహ్నమంతా అదే వాదన. పెద్దాయన వేలు ఉన్న వరస మీదే ఉంది. నిద్రగన్నేరు మాత్రం కళ్లు మూసుకుని వింటోంది, నిద్ర పట్టినా వింటోంది.