తథాస్తు దేవతలకు భయపడిన సాయంత్రాలు

నా చిన్నప్పుడు మా అమ్మను మిర్యాలగూడ దవాఖానలో చేర్చిన ఆ కొన్నాళ్లూ నేను హుజూర్‌నగర్‌లో పక్కింటి అక్క వాళ్ల దగ్గర ఉన్నాను. అక్క రోజూ బస్సెక్కి సూర్యాపేటలో డిగ్రీ చదువుకునేది. పిల్లలను వార్డులోకి రానివ్వరని నాన్న నన్ను వెంట తీసుకువెళ్లలేదు. ఎదురుచూడటం తప్ప నాకు వేరే పని లేదు.

ఊరికే కూర్చున్నప్పుడల్లా నా మనసు నన్నడగకుండా దవాఖానకు వెళ్లిపోయేది. ఒకసారి అమ్మ నవ్వుతూ లేచి కూర్చునేది. మరొకసారి మంచం మీద కదలక మెదలక పడి ఉండేది. అక్క వాళ్ల నానమ్మ దీపం పెట్టే వేళ ఎవరినీ చెడుమాట అననిచ్చేది కాదు. అప్పుడు తథాస్తు దేవతలు తిరుగుతుంటారని, మనం తలచినదానికల్లా 'అట్లే కానీ' అంటారని ఆమె నమ్మకం. ఆమె ఆ మాట నన్ను ఉద్దేశించి అనలేదు. అయినా అమ్మ ప్రాణం నా తలపుల మీదే నిలిచి ఉందని నాకు అర్థమైంది. పొద్దు వాలగానే ఎక్కాలు గట్టిగా అప్పజెప్పుకునేదాన్ని. ఎక్కం మధ్యలోనే ఆ మంచం కనిపించేది.

ఒక సాయంత్రం నేను ఏడుస్తుంటే అక్క కారణం అడిగింది. అంతా చెప్పాను. ఆమె నవ్వలేదు. గడప మీద నా పక్కన కూర్చుంది.

"అయితే నా కాలు ఇరగాలని తల్సుకో."

"వద్దక్కా."

"వద్దన్నా ఇగ నీకు అదే మతికొస్తది, సూడు."

లోపలి నుంచి నానమ్మ అరిచింది. "మాపటేళ గవేం మాటలే, నీ నోట్లె మన్నువడ."

"నీ దేవతలను గూడ జర ఇనమను, నానమ్మా" అంది అక్క.

అన్నం తింటున్నంతసేపూ అక్క కాలు విరిగినట్లే కనిపించింది. ఎంత వద్దనుకున్నా ఆగలేదు. మర్నాడు పొద్దున అక్క బస్సుకు బయలుదేరుతూ వాకిట్లో ఆగి, రెండు కాళ్లనూ నేలకేసి కొట్టి చూపింది.

"ఇరిగిందా? బుర్ర ఊకె ఉండదు చెల్లె. అయ్యేటిది, కానిది అన్నీ ముందుగాలనే అల్లి సూస్కుంటది. నువ్వు తల్సుకుంటే ఎవ్వలకేం కాదు."

"మరి మంచిగ తల్సుకుంటే అమ్మకు నయమైతదా?"

అక్క పుస్తకాలు గడప మీద పెట్టి నా ముందు కూర్చుంది. వీధి చివర ఆమె ఎక్కాల్సిన బస్సు వచ్చి వెళ్లిపోయింది. అవునంటే నేను సంతోషిస్తానని ఆమెకు తెలుసు.

"కాదు చెల్లె" అంది.

అమ్మ బతకలేదు.

పని లేనప్పుడు కూడా మెదడు విశ్రమించదని, పాత జ్ఞాపకాలతోనే రాబోయే రోజులను ఊహించుకుంటుందని పెద్దయ్యాక చదివాను. అది నాకు అంతకుముందే తెలుసు. అమ్మను ఇంటికి తెచ్చిన రోజు నేను ఎంత ఏడ్చినా, నావల్లే ఇలా జరిగిందని మాత్రం అనుకోలేదు. నా తలపులకు చంపే శక్తి గానీ, బతికించే శక్తి గానీ లేదని అక్క ముందే చెప్పింది. ఇంత వయసొచ్చాక కూడా పని మధ్యలో మనసు అమ్మ దగ్గరకు వెళ్తే వెనక్కి లాగను, వెళ్లనిస్తాను. ఆమె దగ్గరకు వెళ్లడానికి నాకు మరో దారి లేదు.