మేం కాపాడిన నేతగాడు

మా సూరత్ తెలుగు సంఘం అధ్యక్షులవారికి మైకు కనబడితే చాలు, సంస్కృతి గుర్తొస్తుంది. మైకు లేనిచోట ఆయన పిల్లలతో ఇంగ్లీషు, డ్రైవరుతో హిందీ, కూరగాయల బేరానికి గుజరాతీ మాట్లాడతారు. తెలుగు ఏడాదికి రెండుసార్లు, అదీ వేదిక మీద. హజీరా ఫ్యాక్టరీలో పెద్ద ఉద్యోగం, ఇచ్ఛాపూర్ దగ్గర మా అందరికంటే పెద్ద ఇల్లు. ఆయన్ని అధ్యక్షుణ్ణి చేసినవి ఆ రెండే. నేను కార్యదర్శిని. ఆయన కింద ఇన్నేళ్లు ఎలా నెట్టుకొచ్చానో అడక్కండి, చెబితే నా మీద నాకే అసహ్యమేస్తుంది.

కిందటేడు ఉగాదికి ఆయనకు ఉన్నట్టుండి చేనేత మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

"వేదిక మీద లైవ్‌గా మగ్గం ఆడాలి సెక్రటరీగారూ. మన వారసత్వం కదండీ! ఎవరైనా పాతకాలం నేతగాణ్ణి పట్టుకురండి" అన్నారు. వంటవాణ్ణీ టెంటువాణ్ణీ పురమాయించినట్టే నేతగాణ్ణీ పురమాయించారు.

సూరత్‌లో తెలుగు నేతగాళ్లకు కరువా? గోడాదరా సందుల నిండా వాళ్లే. కాకపోతే హజీరా ఇంజనీర్లం మేం ఆ సందుల్లోకి వెళ్లిన పాపాన పోలేదు. వాళ్లూ తెలుగువాళ్లేనని, సభకు జనం తక్కువైనప్పుడే మాకు గుర్తొస్తుంది.

అడగ్గా అడగ్గా ఒకాయన దొరికాడు. అరవై దాటాయి. కరీంనగర్ వైపు నుంచి కుర్రతనంలో వచ్చి, అప్పట్నుంచీ సాంచాల మీదే పని. పవర్‌లూమ్‌ను వాళ్లు సాంచా అంటారు. ఆ చప్పుడుకి చెవులు సగం పోయాయి. ఊళ్లో ఉండగా చేతిమగ్గం నేసేవాడట. విషయం చెప్పగానే మంచం మీంచి లేచి నిలబడ్డాడు.

"మగ్గం ఉన్నదా సారూ? నిజంగనా? పడుగు ఎక్కిచ్చి ఉంటదా, నేనే ఎక్కిచ్చుకోవాల్నా? గట్లయితే రెండు దినాలు ముందుగాల్నే వస్త."

"అన్నీ మేం చూసుకుంటాం పెద్దాయనా, మీరు వచ్చి నేస్తే చాలు" అన్నాను. పడుగు అంటే నిలువు దారాలని కూడా అప్పటికి నాకు సరిగ్గా తెలియదు.

ఆయన కొడుకు పక్కనే కూర్చుని అన్నం తింటున్నాడు. ముప్పై ఏళ్లుంటాయి, ఇక్కడే పుట్టాడు, తనూ సాంచాల మీదే.

"బాపు రోజు ఇదే చెప్తడు సార్. చేతులతోని చీరలు నేసిన, అంచుల పువ్వులు దించిన అని. నేనైతే నమ్మ. ఎనిమిది సాంచాలు నడుపుత నేను, ఒక్క దారం తెగితేనే దిమాక్ ఖరాబ్ అయితది. ఉత్త చేతులతోని పువ్వులు ఎట్ల దించుతడు?" అని నవ్వాడు.

తండ్రికి కోపం రాలేదు. "ఐతారం ఛుట్టీ పెట్టు బిడ్డా. జానెడు గుడ్డ నేసి నీ చేతుల పెడ్త. అప్పుడు నమ్ముదువు గని" అన్నాడు.

ఆయన ఒప్పుకొన్నది మా ఉగాది కోసం కాదు, మా వారసత్వం కోసం అంతకన్నా కాదు. కొడుకు చేతిలో ఆ జానెడు గుడ్డ పెట్టడానికి. అది నాకు ఆ రోజే అర్థమైంది.

శనివారం మధ్యాహ్నం మగ్గం వచ్చింది, పెళ్లిమంటపాలు అలంకరించేవాడి దగ్గర్నుంచి. ప్లైవుడ్డుకి బంగారు రంగు పూసి, నిలువునా రంగురంగుల దారాలు జిగురుతో అంటించాడు. కాళ్లతో తొక్కే పలకలు లేవు. దారాలు పైకీ కిందికీ విడవవు. అడ్డదారం అటూ ఇటూ నడిపే నాడె ఒక్కటి మాత్రం ముచ్చటగా చెక్కించాడు. ఇంజనీరునే కదా, ఇది బట్ట నేయదని కనిపెట్టడానికి నిమిషం పట్టలేదు. అధ్యక్షులవారికి చెప్పాను.

"నేయడమెందుకండీ? ఫొటోకి బావుంటే చాలు. ఎవరు చూడొచ్చారు?" అన్నారు.

చూడొచ్చేవాడు ఒకడున్నాడని నాకు తెలుసు. పెద్దాయనకు ఫోను చేయాల్సింది, చేయలేదు. చేస్తే రానంటాడు. ఆయన రాకపోతే అధ్యక్షులవారు నా మీద ఎగిరిపడతారు. ఇంతకు మించి గొప్ప కారణమేమీ లేదు.

ఆదివారం పొద్దున హాలు నిండింది. పిల్లలు చేదు తినరని, పచ్చడిలో వేపపువ్వు వేయనివ్వలేదు అధ్యక్షులవారి శ్రీమతి. బెల్లం నీళ్లు తాగి కొత్త సంవత్సరాన్ని ఆహ్వానించాం. 'చేనేతను కాపాడుకుందాం' అన్న బ్యానరు కింద కమిటీ ఆడవాళ్లు ఒకే రకం పోచంపల్లి డిజైను చీరల్లో నిలబడ్డారు. డిజైను పోచంపల్లిదే, కానీ అచ్చేసింది సూరత్‌లో, పాలిస్టరు మీద.

పెద్దాయన ఉతికిన తెల్లపంచెలో వేదికెక్కి, మగ్గం దారాల మీద చెయ్యి వేశాడు. అవి కదల్లేదు. చెయ్యి తీసి నావైపు చూశాడు.

"దీని మీద నేసుడు కాదు సారూ" అన్నాడు మెల్లగా.

అధ్యక్షులవారు మైకును అరచేత్తో మూసి, "ఊరికే చేతులు ఊపమనండి" అని నాకు చెప్పారు, ఆ మనిషికి తెలుగు రానట్టు.

"ఐదు నిమిషాలే పెద్దాయనా. అందరూ చూస్తున్నారు" అన్నాను.

కూర్చున్నాడు. ఖాళీ నాడెను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి, ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చాడు. లేని పలకల్ని కాళ్లతో తొక్కాడు. ఐదు నిమిషాలు అరగంట అయ్యాయి, కమిటీలో ప్రతివాడూ ఆయన పక్కన నిలబడి ఫొటో దిగాలి మరి. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు.

జనం పులిహోర మీద పడ్డాక, వెనక తలుపు దగ్గర నిలబడ్డ కొడుకు వేదిక మీదికొచ్చాడు. దారాలతో బతికేవాడు కదా, ఒక్కసారి గోరుతో జిగురు గీరి చూశాడు.

"ఇన్నేండ్లు నువ్వు చెప్పిందంత గిట్లనేనా బాపూ?"

వెక్కిరించినా బావుండేది. నిజంగానే అడిగాడు. పెద్దాయన శాలువా మడిచి ఆ ప్లైవుడ్డు మీద పెట్టి మెట్లు దిగాడు. తప్పు మాదని ఆ కొడుకుతో ఒక్క మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. అధ్యక్షులవారు రెండడుగుల దూరంలో ఉన్నారు.

కొన్నాళ్లకు ఆయనే, "ఫొటోలు బాగా వచ్చాయండీ, ఇంకో సభ ఉంది, ఆ నేతగాణ్ణి మళ్లీ పిలవండి" అన్నారు. ఫోను చేస్తే కొడుకు ఎత్తాడు. ఈసారి అసలు మగ్గమే తెప్పిస్తాను, తండ్రిని అడగమన్నాను. అవతల ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు.

"బాపుకు నేసుడు రాదంట సార్. ఎన్నడు నేయలేదంట. నాకు ఉత్తగనే చెప్పిండంట" అని ఫోను పెట్టేశాడు.

పడుగు ఎక్కించి ఉంటుందా అని మొదటి రోజే అడిగిన మనిషి! అయినా కొడుకు అన్నదే అధ్యక్షులవారికి చెప్పాను.

"అలాంటి అబద్ధాలకోరుకా మనం శాలువా కప్పింది!" అన్నారు.

"అవునండీ" అన్నాను.